పరదేశి విద్యార్థి దినచర్య: ఇత్సింగ్ గ్రంథ పరిశీలన

చైనా భిక్షువు ఇత్సింగ్ (635–713) దక్షిణ సముద్ర ద్వీపాల నుండి స్వదేశానికి పంపిన గ్రంథం భారతీయ విహార చరిత్రకు ముఖ్యమైన ఆకరం. 1896లో తకకుసు ఆంగ్లానువాదం వెలువడిన నాటి నుండి నాలందా భిక్షువుల సంఖ్య కోసం, వ్యాకరణ పాఠక్రమం కోసం పరిశోధకులు దాని పుటలు తిరగవేస్తూనే ఉన్నారు. అయితే 40 అధ్యాయాల ఈ రచనను ఆద్యంతం చదివితే అందులో అధిక భాగం పందుంపుల్ల, స్నానం, నీటిపాత్ర, భోజనపు పీట, చీవరధారణ వంటి విషయాలే కనిపిస్తాయి. నడివయసుకు చేరువైన ఒక విద్యార్థి పరదేశంలో ప్రతి చిన్న పనినీ మళ్లీ మొదటి నుండి నేర్చుకొన్న వృత్తాంతంగా దీనిని చదవడమే సముచితం.

ఆ నేర్పు ఒక్కనాటితో అబ్బలేదు. 671లో పారశీకుల ఓడ ఎక్కిన ఇత్సింగ్ శ్రీవిజయంలో ఆరు నెలలు ఆగి శబ్దవిద్య అభ్యసించాడు. 673లో తామ్రలిప్తి చేరి, అక్కడ మరికొంత సంస్కృతం చదివిన తరువాతనే నాలందాకు బయలుదేరాడు. దారిలో జబ్బుపడి వెనుకబడగా దొంగలు కట్టుబట్టలు సైతం దోచుకొన్నారు. తెల్లని దేహం గలవారిని బలి ఇస్తారన్న వదంతి వల్ల ఒంటికి బురద పూసుకొని, ఆకులు కప్పుకొని నడిచాడు. ఈ కష్టాన్ని ఆయన ధర్మాన్వేషకులైన భిక్షువుల చరిత్రలో చెప్పుకొన్నాడు. దినచర్యను వర్ణించే గ్రంథంలో దానికి చోటివ్వలేదు.

పరిశీలనలో మాత్రం ఆయనకు సాటి అరుదు. చైనాలో దంతకాష్ఠాన్ని ‘విల్లో కొమ్మ’ అని పిలవడం పొరపాటని, భారతదేశంలో ఆ చెట్టే అరుదని ఎత్తిచూపాడు. తాగునీటికి ఒక కుండి, శౌచానికి వేరొకటి ఎందుకుండాలో వివరించాడు. నాలందా సమీపాన పదికి పైగా ఉన్న కొలనులకు ఉదయపు గంట వినగానే భిక్షువులు స్నానానికి సాగే దృశ్యాన్ని నిలిపాడు. నాగార్జునకొండ వద్ద ఉపాసిక బోధిసిరి శాసనం సింహళ స్థవిరులకు లభించిన ఆదరాన్ని తెలుపుతుంది. ఆ అతిథులు తెల్లవారి ఏమి చేసేవారో తెలుపదు. శాసనాలు విడిచిన అటువంటి ఖాళీని పూరించగలగడమే ఇత్సింగ్ రచన విలువ.

లోపమూ ఇక్కడే ఉంది. ఆయన చూచినది రాజుల దానగ్రామాలతో పోషింపబడిన మహావిహారం. అనుసరించినది మూలసర్వాస్తివాద వినయం. ఆ ఆచారాన్నే దేశమంతటి ఆచారంగా నిలబెట్టి, చిన్న పీటలపై విడివిడిగా కూర్చోక వెడల్పాటి మంచాలపై బాసికపట్టు వేసుకొని భుజించే స్వదేశీయులను తప్పుపట్టాడు. కొత్తగా నేర్చినవాడి పట్టుదల అది. ఈ వర్ణనలను యథాతథంగా ఇతర నికాయాల విహారాలకు, అంతకు శతాబ్దాల ముందరి కృష్ణాతీర శిథిలాలకు అన్వయిస్తే, ఒక విద్యార్థి అభిమానమే పురావస్తు ప్రమాణమైపోతుంది.

ఐతే ఆ పట్టుదలకు గ్రంథంలోనే విరుగుడు ఉంది. పుల్లలతో అన్నం తినడం వినయంలో విహితమూ కాదు, నిషిద్ధమూ కాదు. జనం నవ్వని, సణగని చోట వాటిని వాడవచ్చునని, నవ్వే చోట విడవాలని ఆయన తీర్పు. చలిదేశాల్లో వెచ్చని వస్త్రానికీ అనుమతి ఉందన్నాడు. నియమం దేనికోసమో తెలిసినవాడే దానిని దేశకాలాలకు ఒదిగించగలడు. పదేళ్ల నాలందా వాసం నేర్పిన అసలు పాఠం ఈ వివేకమే. పీటల ఎత్తును గురించిన వాదం కంటే ఇది బలమైనది. నేడు పరదేశ విహారాలలో చదివే భిక్షువులకు ఉపకరించేదీ ఇదే.

ఇన్ని భారతీయాచారాలను వివరించిన గ్రంథం చివరి అధ్యాయంలో చైనాలోని గురువుల స్మరణతో ముగుస్తుంది. ప్రయాణానికి ముందు దివంగత గురువు సమాధి వద్ద సెలవు తీసుకొన్న సంగతి అక్కడ చెబుతాడు. అంతవరకు శాసించిన స్వరం ఆ పుటల్లో మెత్తబడుతుంది. దంతధావనం మొదలు సమస్తాన్నీ మార్చుకొన్న విద్యార్థి దేనిని మార్చుకోలేదో అక్కడ తెలుస్తుంది. ఆకరాల కోసం మధ్య అధ్యాయాలను మాత్రమే తిరగవేసే పరిశోధకుడు ఈ మనిషిని చూడకుండానే పుస్తకం మూస్తాడు.