పాట లేని రికార్డు

టైమ్‌కోడ్ వినైల్ పైకి చూస్తే మామూలు 12 అంగుళాల గ్రామఫోన్ రికార్డే. అయితే ఆంప్లిఫయరుకు కలిపి దాన్ని తిప్పితే పాటకు బదులు ఈలలాంటి ఒకే ధ్వని ఎడతెరిపి లేకుండా వినిపిస్తుంది. వినేవారికి ఎందుకూ పనికిరాని ఆ ఈల కంప్యూటరు కోసం ఉద్దేశించినది: రికార్డు ఏ దిశలో, ఎంత వేగంతో తిరుగుతున్నదో, సూది గాడిలో ఎక్కడున్నదో దాన్నిబట్టి తెలుసుకున్న సాఫ్ట్‌వేర్, హార్డ్ డిస్కులోని పాటను అదే దిశలో, అదే వేగంతో, అదే చోటినుంచి వినిపిస్తుంది.

ఇంత చుట్టుతిరుగుడు ఏర్పాటు ఎందుకు అవసరమైందో తెలియాలంటే, రికార్డు మీద చేయి వేయడమనే విద్య ఎక్కడ పుట్టిందో చూడాలి. న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో 1973 నుంచి, జమైకాలో పుట్టిన కూల్ హెర్క్ అనే డీజే, గాత్రం ఆగి డ్రమ్స్ ప్రధానంగా మోగే 'బ్రేక్' అనే ఘట్టాన్ని పొడిగిస్తూ నృత్యకారులను ఆకట్టుకున్నారు. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ ఆ ఘట్టం మొదలయ్యే చోటును రికార్డు మీద క్రేయాన్ గీతతో గుర్తుపెట్టుకొని, ఎంత వెనక్కి తిప్పితే మళ్లీ అక్కడికి చేరవచ్చో లెక్కగట్టి, ఆ పనికి కచ్చితత్వం తెచ్చారు. గ్రాండ్ విజర్డ్ థియోడర్ అయితే రికార్డును ముందుకూ వెనక్కూ రుద్దినప్పుడు పుట్టే శబ్దాన్నే సంగీతంగా మలచి 'స్క్రాచ్'కు ఆద్యులయ్యారు. ప్లేటును అంచులు పట్టుకొని జాగ్రత్తగా తీయడమే తెలిసిన ఇళ్లలో పెరిగిన తెలుగు పాఠకులకు ఇది కొంత అపచారంగా తోచవచ్చు గాని, ఈ సంప్రదాయంలో రికార్డు భద్రపరచే వస్తువు కాదు, వాయించే వాద్యం. జపాన్‌లో తయారైన టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200, ముఖ్యంగా 1979లో వచ్చిన దాని రెండో రూపం, ఈ వాద్యానికి స్థిరమైన పీఠమైంది: మోటారు బెల్టుతో పని లేకుండా పళ్లేన్ని నేరుగా తిప్పుతుంది గనుక, స్లిప్‌మ్యాట్ అనే జారుడు గుడ్డ మీద రికార్డును చేత్తో ఆపినా కింద పళ్లెం తిరుగుతూనే ఉంటుంది, చేయి తీయగానే రికార్డు దాదాపు తక్షణమే వేగం అందుకుంటుంది.

హార్డ్ డిస్కులోని పాటనూ ఇలాగే చేత్తో వాయించడానికే టైమ్‌కోడ్. సెరాటో సంస్థ టైమ్‌కోడ్ రికార్డును ఉదాహరణగా తీసుకుంటే, నిమిషానికి 33⅓ చుట్ల వేగంతో తిరిగేటప్పుడు దానిలోని ధ్వని 1000 హెర్ట్జ్, అంటే సెకనుకు 1000 కంపనాలు. ఒక చుట్టుకు 1.8 సెకన్లు పడుతుంది కాబట్టి చుట్టుకు 1800 కంపనాలు. వెలుపలి అంచు దగ్గర ఒక్కో కంపనం గాడిలో సుమారు అర మిల్లీమీటరు పొడవుంటే, లోపలి చుట్లలో అందులో సగం కూడా ఉండదు. వేగం 8 శాతం పెంచితే ధ్వని 1080 హెర్ట్జ్‌కు పెరుగుతుంది, చేత్తో సగానికి తగ్గిస్తే 500కు దిగుతుంది. దిశ తెలియడానికి స్టీరియో అక్కరకొస్తుంది: ఎడమ, కుడి ఛానెళ్లలో ఒకే ధ్వనిని కంపనంలో నాలుగో వంతు ఎడంతో ముద్రిస్తారు కనుక, రికార్డు ముందుకు తిరిగితే ఒక ఛానెల్, వెనక్కి తిరిగితే రెండోది ముందుగా శిఖరానికి చేరుతుంది. ఈ రెండు సంకేతాలను తెరమీద అడ్డంగానూ నిలువుగానూ కలిపి గీస్తే వలయం ఏర్పడుతుంది. ప్రదర్శనకు ముందు డీజేలు ఆ వలయం గుండ్రంగా ఉందా, నలిగిపోయిందా అని చూసి, సూదికి పట్టిన ధూళినో, వదులైన తీగనో పసిగడతారు. ఇక చోటు సంగతి మరింత చమత్కారమైనది. కంపనాల ఎత్తును స్వల్పంగా హెచ్చించో తగ్గించో ఒక్కోదానిలో ఒకటో సున్నానో దాస్తారు. వెంటవెంట వచ్చే 20 అంకెల గుంపు ఆ వైపు మొత్తంలో మరెక్కడా మళ్లీ రాకుండా ఆ వరుసను అల్లుతారు. 20 కంపనాలంటే 4 డిగ్రీల తిరుగుడు; అంతమాత్రం చదివితే సూది ఎక్కడ దిగిందో తేలిపోతుంది.

ఈ పథకానికి బలహీనమైన చోటు నెమ్మదితనం. సూదిని పట్టి ఉంచే కార్ట్రిడ్జ్‌లో పుట్టే విద్యుత్తు సూది కదలిక వేగాన్నిబట్టి ఉంటుంది గనుక, రికార్డు ఆగబోయే క్షణాన సంకేతం సన్నగిల్లి గరగరలో కలిసిపోతుంది. స్క్రాచ్‌లో దిశ మార్చే ప్రతిసారీ చేయి ఆగక తప్పదు. అంటే ఈ విద్యకు ప్రాణమైన చోటే యంత్రం చూపు మందగిస్తుందన్నమాట. మంచి సాఫ్ట్‌వేరుకూ నాసిదానికీ తేడా తెలిసేది ఇక్కడే. దీనికి ఆలస్యం కూడా తోడవుతుంది: సెకనుకు 44,100 నమూనాల లెక్కన 64 నమూనాల బఫర్ (ధ్వనిని తాత్కాలికంగా పోగుచేసే జాగా) సుమారు 1.5 మిల్లీసెకన్లు తింటే, 1024 నమూనాలది 23 దాటుతుంది; అప్పుడు చేయి ఒక దారి, చెవి ఒక దారి అవుతాయి.

వాడుకలో రెండు పద్ధతులున్నాయి. అబ్సల్యూట్ పద్ధతిలో సూదిని ఎత్తి గాడిలో ఎక్కడ దింపితే పాట అక్కడికి వెళుతుంది. రెలెటివ్ పద్ధతిలో సాఫ్ట్‌వేర్ వేగాన్నీ దిశనూ మాత్రమే పట్టించుకుంటుంది. సూది ఎగిరిపడినా పాట తప్పదు గాని, గుర్తుకోసం రికార్డు మీద అంటించిన స్టిక్కరు మాత్రం శబ్దంతో పొంతన కోల్పోతుంది. స్టేజీ కంపించే క్లబ్బుల్లో చాలామంది రెండోదాన్నే నమ్ముకుంటారు.

ఈ ఆలోచనను అంగడికి తెచ్చినవాటిలో ముందుది ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన ఎన్2ఐటీ సంస్థ రూపొందించిన ఫైనల్ స్క్రాచ్; రిచీ హాటిన్, జాన్ అక్వవీవా వంటి డీజేలు దాని వెనుక నిలిచారు. 2004లో న్యూజీలాండ్ సంస్థ సెరాటో, అమెరికా సంస్థ రేన్‌తో కలిసి తెచ్చిన స్క్రాచ్ లైవ్ దాన్ని వెనక్కి నెట్టింది. మార్క్ హిల్స్ రాసిన ఎక్స్‌వాక్స్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఈ రికార్డులను చదివే కిటుకును అందరి ముందూ పరిచింది. పై 20 అంకెల లెక్క అందులో ఎవరైనా చదువుకోవచ్చు.

పెట్టెలకొద్దీ రికార్డులు మోసే బాధ తప్పడమే దీని ప్రయోజనమని సాధారణంగా చెబుతారు గాని, అది చిన్న లాభం. ఒకే చోట పదేపదే రుద్దితే గాడి అరిగి, దొరకని రికార్డు శాశ్వతంగా పాడవుతుంది. టైమ్‌కోడ్ రికార్డు అరిగితే మరొకటి కొనుక్కోవచ్చు, పాటకు ఏమీ కాదు. ఇంతకన్నా పెద్ద సంగతి, వినైల్ మీద ఎన్నడూ అచ్చుకాని ధ్వని, ఆ ఉదయమే తయారైన డ్రమ్ముల వరుస సైతం, దశాబ్దాలుగా చేతులు నేర్చిన స్క్రాచ్‌లకు లొంగడం. నష్టమూ లేకపోలేదు: తెరమీద రెండు పాటల వేవ్‌ఫామ్‌లు పక్కపక్కనే కనబడుతుంటే, హెడ్‌ఫోన్ ఒక చెవికి ఆనించి లయ కలిపే శ్రద్ధ సడలుతుంది. ఆ దోషం రికార్డుది కాదు, తెరది. తెరకు ముసుగు వేసి సాధన చేసేవారికి ఆ చెవి నేటికీ అబ్బుతుంది.

ఇటీవల సూదినే తొలగించే ప్రయత్నాలు వచ్చాయి. ఫేజ్ అనే పరికరం రికార్డు నడుమ కూర్చొని తిరుగుడును వైర్‌లెస్‌గా కంప్యూటరుకు చేరవేస్తుంది. ధూళి, అరుగుదల, కంపనం అనే మూడు బెడదలూ దానితో పోతాయి. రేన్ సంస్థ ట్వెల్వ్ అనే యంత్రంలో మోటారుతో తిరిగే 12 అంగుళాల రికార్డు ఉంది గాని, సూదిని మోసే టోన్‌ఆర్మ్ లేదు. అయినా సూదిని ఎత్తి మరోచోట దింపే అలవాటును డీజేలు వదులుకోలేరు గనుక, ఆ పని కోసం దాని మీద వేలితో తాకే పట్టీ ఒకటి అమర్చారు.