గొంతు చించుకోని పాట

తెలుగునాట గాత్రసాధన గురించి మాట్లాడితే కర్నూలు పేరు రాక తప్పదు. డాక్టర్ శ్రీపాద పినాకపాణి పుట్టింది 1913లో శ్రీకాకుళం ప్రాంతంలో, వైద్యం చదివింది విశాఖలో. స్థిరపడింది మాత్రం కర్నూలులో. ఇక్కడి వైద్య కళాశాలలో ఆచార్యులుగా పనిచేసి, ఉద్యోగ విరమణ తర్వాతా ఊరు వదలక, 2013లో ఇక్కడే కన్నుమూశారు. నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు, నూకల చినసత్యనారాయణ, శ్రీరంగం గోపాలరత్నం, మల్లాది సోదరులు ఆయన దగ్గర నేర్చుకున్నవారే. తాను కచేరీలు చేసింది తక్కువ. అయినా 1983లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. అది ఆయన నేర్పిన తీరుకు దక్కిన గౌరవమని నా నమ్మకం.

తిరుమల తిరుపతి దేవస్థానం అచ్చువేసిన ఆయన ‘సంగీత సౌరభం’ నాలుగు సంపుటాలు తెరిస్తే ఆ తీరు కనిపిస్తుంది. కృతికి పైపైన స్వరాలు రాసి వదిలెయ్యలేదు. గమకం లోపల ఏ స్వరం తగిలి ఎటు జారుతుందో విడదీసి చూపారు. అంత సూక్ష్మం పలకాలంటే గొంతు తేలిగ్గా ఉండాలి. నొక్కిపట్టి అరిచే గొంతులో తోడి గాంధారం ఊగదు. గమకం పట్టుబడకపోతే నేర్చుకునేవాళ్లు బలం పెంచుతారు, తగ్గించాల్సింది అక్కడే. వర్ణాన్ని మొదటి కాలంలో, మెల్లగా, అకారంతో పాడించే పాత పద్ధతిలో గొంతు ఆరోగ్యం దాగి ఉంది. ఊపిరి ఎక్కడ చాలడం లేదో, దవడ ఎక్కడ బిగుస్తోందో విలంబంలోనే తెలుస్తుంది.

శ్రుతి ఎంపిక మరీ ముఖ్యం. అయిదున్నర శ్రుతిలో ఆడపిల్ల మధ్యస్థాయి షడ్జం పలికితే స్వరతంతువులు సెకనుకు 200 సార్లకు పైగా ఒకదాన్నొకటి తాకుతాయి. తారషడ్జానికి అది రెట్టింపు. ఇక శ్రుతి పెంచి గంటసేపు పాడితే వాటిమీద ఎంత దెబ్బో ఊహించుకోండి. మంద్ర పంచమం నుంచి తార పంచమం దాకా మెడ నరాలు ఉబ్బకుండా అందేదే మన శ్రుతి. తెల్లవారుజామున మంద్రస్థాయిలో మొదలుపెట్టమని పెద్దలు చెప్పేది కూడా గొంతు మెల్లగా మేలుకోవాలనే.

మా రాయలసీమకు ఇంకో పాట ఉంది, పద్యనాటకం. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో ‘కీచక వధ’ ఆడినప్పుడు మైకు లేదు. పద్యం చివరి వరుసకు వినపడాలంటే హార్మోనియం మీద పై శ్రుతి పట్టి, గుండెలోంచి రాగం తియ్యాల్సిందే. ఇవాళ మైకు ఉంది, అలవాటు మాత్రం పోలేదు. ‘వన్స్ మోర్’ కోసం అదే పద్యాన్ని అదే ఎత్తులో మళ్లీ మళ్లీ లాగి, నలభై దాటకముందే గొంతు పోగొట్టుకోవడం కళకు సేవ కాదు. అర శ్రుతి దించితే పద్యం గౌరవమేమీ తగ్గదు.

ఎండాకాలం ఇక్కడ 40 డిగ్రీలు దాటుతుంది. పాడే ముందు గుటగుటా తాగిన నీళ్లు స్వరతంతువులను నేరుగా తాకవు. ఒంట్లో ఇంకి, రక్తం ద్వారా చేరాలి. అందుకే పొద్దుటి నుంచి కొద్దికొద్దిగా తాగుతుండాలి. మాటిమాటికీ గొంతు సవరించుకోవడం మానాలి. గొంతు రాసుకుపోయినప్పుడు గుసగుసలాడటం కూడా విశ్రాంతి కాదు, మౌనమే విశ్రాంతి.

పన్నెండు పదిహేనేళ్ల మధ్య మగపిల్లలకు గొంతు మారుతుంది. అప్పుడు పోటీల కోసం పాత శ్రుతిలోనే పాడించకండి. శ్రుతి దించి, కొద్దిసేపే పాడించండి. ఎవరికైనా బొంగురు మూడు వారాలు దాటితే మిరియాల పాలతో సరిపెట్టుకోవద్దు, చెవి ముక్కు గొంతు వైద్యులకు చూపించండి. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో ఆ విభాగం ఉంది.