సాగత స్థవిరుడు, అండమాన్ ఉపవాసం: వ్యసనాన్ని గురించిన రాతలపై ఒక పరిశీలన

అండమాన్ ఆదివాసులను గురించి ఆంగ్లంలో వెలువడిన పాత గ్రంథాలలో మూడింటికి ప్రామాణికత ఎక్కువ. మొదటిది ఎడ్వర్డ్ హొరేస్ మాన్ 1883లో ప్రకటించిన దీర్ఘ వ్యాసం. రెండవది మారిస్ విడాల్ పోర్ట్‌మన్ 1899లో రెండు సంపుటాలుగా వెలువరించిన చరిత్ర. మూడవది 1906-08 మధ్య ద్వీపాలలో పరిశోధన జరిపిన రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1922లో ప్రచురించిన ‘ది అండమాన్ ఐలాండర్స్’. వీటిని కలిపి చదివినవారికి ఒకే ప్రజను గురించి రెండు విరుద్ధ చిత్రాలు కనిపిస్తాయి. బ్రిటిష్ వలస వచ్చిన కొద్ది దశాబ్దాలలోనే పొగాకుకు, మద్యానికి లొంగిపోయిన ప్రజ ఒకటి. యౌవనంలో అడుగుపెట్టే ప్రతి బాలుడూ, ప్రతి బాలికా తమకు అత్యంత ప్రియమైన ఆహారాన్ని నెలలు కాదు, ఏళ్ళ తరబడి విడిచిపెట్టే ఆచారాన్ని తరతరాలుగా నడిపిన ప్రజ మరొకటి. ఈ రెండూ ఒకరే. ఆ రెండు చిత్రాలను ఎదురెదురుగా నిలిపి, అంతటి నిగ్రహం నేర్చిన సమాజం ఇంత త్వరగా ఎలా లొంగిందని అడగడం మాత్రం ఈ గ్రంథాల ప్రధాన వాదంలో భాగం కాలేదు. వాటి అసలైన లోపం ఇదే. ఇది సమాచార లోపం కాదు, దృష్టి లోపం.

పొగాకు కథ 1858లో పోర్ట్ బ్లెయిర్ శిక్షావాస స్థాపనతో మొదలవుతుంది. 1863లో మతాధికారి హెన్రీ కార్బిన్ ఆధ్వర్యాన రాస్ ద్వీపంలో ‘అండమాన్ హోమ్’ అనే ఆశ్రయగృహం ఏర్పడింది. అడవిలోని వారిని చేరదీసి, తిండి పెట్టి, నాగరికులను చేయడం దాని ప్రకటిత లక్ష్యం. అక్కడికి వచ్చినవారికి ఇచ్చిన వస్తువులలో పొగాకు ఒకటి. ఎవరూ బలవంతంగా పీల్పించలేదు; ఆ అవసరమూ కలగలేదు. పారిపోయిన ఖైదీలను పట్టి తెచ్చినవారికి బహుమతులు దక్కేవి. కొత్త కోరికలు పుట్టేకొద్దీ అడవిలోని వారు హోమ్‌ల దారి పట్టేవారు. స్నేహానికి గుర్తుగా మొదలైన పొగాకు అనుబంధానికి సాధనమైంది, ఆపైన సంకెల అయింది. ధూమపానపు అతిశయం వారి ఆరోగ్యాన్ని దెబ్బతీసిందని మాన్ స్వయంగా గుర్తించాడు. అయితే గుర్తించిన ఆ కలమే దాన్ని వారు అలవరచుకున్న అలవాటుగా రాసింది తప్ప, ఒక పరిపాలనా విధానం పండించిన ఫలంగా రాయలేదు. ఇచ్చిన చేయి వాక్యంలో నుండి జారిపోయి, పుచ్చుకున్న చేయి ఒక్కటే కర్తగా మిగిలింది. వ్యాకరణంలో జరిగిన ఈ చిన్న మార్పు చరిత్రలో చాలా పెద్దది.

పోర్ట్‌మన్ గ్రంథం మరింత విషాదకరమైనది. ఆయన చాలాకాలం ఆ ఆదివాసుల బాధ్యత వహించిన అధికారి. 1876-77 నాటికి బయటపడిన సుఖవ్యాధిని, 1877 నాటి తట్టు మహమ్మారిని, ఖాళీ అయిన గూడేలను ఆయన రికార్డుల సాయంతో వివరంగా రాశాడు. ఆ పుటలలో నిజమైన దుఃఖం ఉంది, ఇది కాదనలేనిది. కాని ఆ దుఃఖం చివరకు ఈ జాతి అంతరించడం అనివార్యమనే నిర్ణయంలో విశ్రమిస్తుంది. 1858 నాటికి వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీలు 1901 జనాభా లెక్కలలో 625 మంది, 1931లో 90 మంది. అనివార్యమని ఒకసారి అన్న తరువాత కారణాలను విచారించే పని తగ్గిపోతుంది. ప్రతీత్య సముత్పాదాన్ని అధ్యయనం చేసేవారికి ఈ చోట ఆగక తప్పదు. ఇది ఉన్నందున అది కలిగింది అనే వరుసలో ఒక కొక్కెం తీసేస్తే మిగిలేది విధి మాత్రమే, విచారణ కాదు.

ఇక మరో చిత్రం. మాన్ వర్ణించిన ‘అకా-యాబ్’ ఉపవాసం సుమారు పదకొండు, పదమూడేళ్ళ వయసులో మొదలై ఏడాది నుండి అయిదేళ్ళ వరకు సాగేది. తాబేలు, తేనె, పంది మూత్రపిండాల కొవ్వు అనే మూడు ఘట్టాలుగా దాన్ని విభజించేవారు. ఈ మూడూ అండమాన్ అడవిలోను, తీరంలోను దొరికే అత్యంత రుచికరమైన ఆహారాలు. అవి లేని విందు విందు కాదు. ఒక్కొక్క ఘట్టం ముగిసిందని చెప్పేది ఉపవాసి కాదు, పెద్దలు. మాన్ ఈ ఆచారాన్ని ఆత్మనిగ్రహానికి పరీక్షగా పేర్కొన్నాడు. ఈ మాటకు ఆయనను మెచ్చుకోవాలి. తన సమకాలికులు చాలామంది పసితనంలోనే ఉన్న జాతి అని కొట్టిపారేసిన ప్రజలో ఆయన నిగ్రహం అనే గుణాన్ని చూడగలిగాడు.

విడుదల ఘట్టాన్ని రాడ్‌క్లిఫ్-బ్రౌన్ మరింత దగ్గరగా చూపించాడు. తాబేలు మాంసం మళ్ళీ తినే రోజున ఉపవాసిని ఆకులపై కూర్చోబెట్టేవారు. కాళ్ళు చాపి, చేతులు ముడుచుకొని, మాట్లాడక, నిద్రపోక ఉండాలి. అతడు కునుకు తీయకుండా చూసేందుకు మనుషులు పక్కనే ఉండేవారు. తినిపించేది ఇతరులే. దగ్గరి బంధువులు విలపించేవారు. తరువాత నాట్యం, కొత్త పేరు. ఈ తంతు అంతటా ఆ వ్యక్తి ఒంటరిగా ఉన్న క్షణం దాదాపు లేదు. విడిచిపెట్టడం అతని పని. విడిచిపెట్టి నిలబడేట్టు చూడడం అందరి పని. తుపానులు తెచ్చే బిలికు వంటి అతీత శక్తుల ఆగ్రహానికి, కొన్ని వస్తువుల నిషేధానికి ఉన్న ముడి కూడా ఇదే లోకంలోనిది. కోరికపై పట్టు సాధించడం వారికి వ్యక్తిగత మనోబలానికి సంబంధించిన విషయం కాదు. అడవితో, సముద్రంతో, పితరుల ఆత్మలతో, పొరుగువారితో ఉన్న సంబంధానికి సంబంధించిన విషయం.

రాడ్‌క్లిఫ్-బ్రౌన్ దీన్ని సమాజ విలువలను వ్యక్తి మనసులో నాటే యంత్రాంగంగా వ్యాఖ్యానించాడు. ఆహారం విలువ, సమాజంపై ఆధారపడి ఉండడం విలువ, ఈ రెండూ ఉపవాసం వల్ల అనుభవంలోకి వస్తాయని ఆయన వాదం. వాదం బలమైనదే. కాని ఆయన వలసకు పూర్వపు సమాజాన్ని పునర్నిర్మించాలనుకున్నాడు. తాను వెళ్ళేనాటికి దాదాపు అర్ధశతాబ్దంగా హోమ్‌ల నీడలో బతికిన వారి జ్ఞాపకాల నుండే ఆ పునర్నిర్మాణం జరిగింది. అందుచేత ఆ యంత్రాంగం వర్తమానంలో ఎక్కడ విరిగిందన్న ప్రశ్న ఆయన పథకం వెలుపల మిగిలిపోయింది. అద్దాన్ని అంత శ్రద్ధగా తుడిచిన పండితుడు దానిలోని పగులును చూడకపోవడం ఆశ్చర్యమే.

ఈ పగులును చూడడానికి వినయపిటకంలోని ఒక కథ ఉపకరిస్తుంది. భద్దవతికలో భయంకర నాగాన్ని లొంగదీసిన సాగత స్థవిరుడు కౌశాంబికి వచ్చాడు. ఉపాసకులు ఆనందంతో ఆయనకు ఏదైనా ఇవ్వాలనుకున్నారు. షడ్వర్గీయ భిక్షువుల సలహాపై ఇంటింటా మద్యం సిద్ధం చేశారు. ఇల్లిల్లూ తిరిగి పుచ్చుకున్న సాగతుడు నగర ద్వారం వద్ద పడిపోయాడు. బుద్ధుని ఆనతిపై భిక్షువులు ఆయనను విహారానికి మోసుకువెళ్ళి, తల బుద్ధుని వైపు ఉండేలా పడుకోబెట్టారు. స్పృహ లేని స్థవిరుడు పొరలి కాళ్ళు అటు పెట్టాడు. నాగాన్ని ఓడించినవాడు ఇప్పుడు నీటిపామునైనా ఎదుర్కోగలడా అన్నది బుద్ధుని ప్రశ్న. దాని నుండి మద్యపాన నిషేధం ఒక పాచిత్తియ నియమంగా ఏర్పడింది. జాతకాలలో 81వదైన సురాపాన జాతకానికీ ఈ ఉదంతమే నేపథ్యం.

ఈ కథను నీతిబోధకులు సాధారణంగా మద్యం ఎంతటి మహనీయుణ్ణైనా పడగొడుతుందనే ఒక్క పాఠానికి కుదించారు. కథలోని మిగతా మనుషులు అంతకంటె ముఖ్యులు. ఇచ్చినవారిలో ద్వేషం లేదు, ఉన్నది గౌరవమే; అయినా ఇంటింటి గౌరవం కలిసి ఒక మనిషిని నేలకూల్చింది. రాస్ ద్వీపంలో పొగాకు పంచిన చేతులకూ ఈ వర్ణన చాలావరకు వర్తిస్తుంది. పడినవాడిని వీధిలో వదలక మోసినవారు ఆ సంఘంవారే. ఇక విధించిన నియమం సంఘం మొత్తానికి. పాచిత్తియం బహిష్కరణ కాదు. తోటి భిక్షువు ఎదుట ఒప్పుకొని శుద్ధి పొందదగిన దోషం. సాగతుడు తేజోధాతు నైపుణ్యంలో శ్రావకులందరిలో అగ్రుడిగా నిలిచిన అర్హంతుడిగా పాళీ సంప్రదాయంలో మిగిలాడు. కల్యాణమిత్రత బ్రహ్మచర్యంలో సగమని ఆనందుడు అన్నప్పుడు, సగం కాదు, సమస్తమూ అదేనని బుద్ధుడు సవరించిన సంయుత్త నికాయ సూత్రానికి ఇంతకంటె స్పష్టమైన వ్యాఖ్యానం దొరకడం కష్టం.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. సాగతునిది ఒక సంఘటన. వ్యసనం ఒక స్థితి. అండమాన్ ఉపవాసానికీ, బౌద్ధ శీలానికీ తేడా ఉంది. ఉపవాసికి తాబేలు మాంసం తిరిగి వస్తుంది. పంచశీలంలోని అయిదవది సురామేరయాలను తిరిగి ఇవ్వదు. ఆదివాసుల ఆచారాన్ని బౌద్ధానికి పూర్వరూపంగా చూపే ఉత్సాహం ఈ రంగంలో అప్పుడప్పుడు తలెత్తుతుంది. అది రెండింటికీ అన్యాయం. పోలిక విధానంలో ఉంది, సిద్ధాంతంలో లేదు. ఆ తేడాయే అసలు ప్రశ్నకు సమాధానం కూడా చూపుతుంది. తాబేలును, తేనెను కట్టడానికీ విప్పడానికీ అండమానీలకు ఒక తంతు ఉంది, దాన్ని నడిపే పెద్దలు ఉన్నారు. పొగాకుకు తంతు లేదు. అది ఏ ఘట్టానికీ చెందకుండా, ఎవరి అనుమతీ లేకుండా, నేరుగా సర్కారు చేతి నుండి వచ్చింది. దాన్ని కట్టే మంత్రం పుట్టేలోగా తట్టు వచ్చి, కట్టగల పెద్దలనే తీసుకుపోయింది. నిగ్రహం లేక వారు లొంగలేదు. నిగ్రహాన్ని మోసే సంఘం చెదిరినందున లొంగారు.

తెలుగు పాఠకులకు ఈ వాదం కొత్త కాదు. 1980లలో ‘వారుణి వాహిని’ పేరిట సారాను ప్యాకెట్లలో ఊరూరా చేర్చినది ప్రభుత్వమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన ఉద్యమం తాగేవారిని తిట్టడంతో ఆగక, అంగడినీ వేలంపాటనూ అడ్డగించింది. అక్షరాస్యతా తరగతులలో కలిసి కూర్చున్న స్త్రీలు ఒకరికొకరు తోడైనందునే అది నిలిచింది. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. భర్త ఒక్కడు మానలేనిది ఊరు మాన్పించింది. దీని పక్కనే 1879 నాటి రంప పితూరీని కూడా పెట్టుకోవాలి. కల్లుపై చిగురుపన్ను, స్వేచ్ఛగా గీసుకోవడంపై ఆంక్షలు ఆ తిరుగుబాటుకు కారణాలలో ముఖ్యమైనవి. ఒకచోట మత్తును తరమడానికి, మరొకచోట కల్లును నిలుపుకోవడానికి పోరాటం జరిగింది. పైకి విరుద్ధంగా కనిపించే ఈ రెంటిలోనూ తగవు ఒక్కటే: ఆ ద్రవంపై అధికారం ఎవరిది, ఊరిదా, గుత్తేదారుదా?

పురావస్తు ఆధారం ఈ చర్చకు కొద్దిపాటి వెలుగే ఇస్తుంది, కాని ఇస్తుంది. దక్షిణ అండమాన్‌లోని చౌల్దారి వద్ద జరీన్ కూపర్ తవ్విన వంటశాల దిబ్బ తొలి పొరలు సుమారు 2,200 ఏళ్ళ నాటివి. అంటే అమరావతి స్తూపపు తొలి దశలకు చేరువ కాలం. శంఖాలు, ఆల్చిప్పలు, పంది ఎముకలు, కుండ పెంకులు ఒకే చోట, తరం మీద తరం పేరుకున్న గుట్ట అది. ఉపవాసం ఎముకలను మిగల్చదు; తిననివాని జాడ దిబ్బలో దొరకదు. అయినా మాన్ వర్ణనను పక్కన పెట్టుకొని ఆ గుట్టను చూస్తే ఒక ఊహకు తావుంది. విడిచిపెట్టినవాడికి వేరే పొయ్యి లేదు. ఇతరులు తింటున్న నెగడు దగ్గరే అతడూ కూర్చున్నాడు. ప్రలోభం నుండి మనిషిని దూరంగా తరలించి మాన్పించే ఆధునిక పద్ధతికి ఇది పూర్తిగా వ్యతిరేకం.

లిటిల్ అండమాన్‌లోని ఓంగేల విషయం వేరుగా చెప్పాలి, ఎందుకంటే వారి దీక్షాచారం ‘తనగేరు’ ఇరవయ్యో శతాబ్ది చివర వరకు సజీవంగా సాగింది. విశ్వజిత్ పాండ్య 1993 నాటి తన గ్రంథంలో ఓంగేల ఆచార జీవితాన్ని వారి భావాల నుండే అర్థం చేసుకునే ప్రయత్నం చేశాడు. పాత మూడు గ్రంథాలకు అది అవసరమైన దిద్దుబాటు. 1970ల మధ్య నుండి ఓంగేలను డుగాంగ్ క్రీక్, సౌత్ బే నివాసాలలో స్థిరపరిచి రేషన్ ఇవ్వసాగారు. టీ, పొగాకు వారి దినచర్యలో భాగమయ్యాయి. మద్యం బయటివారి ద్వారా చేరింది. సంక్షేమ నివేదికలలో ఓంగేల వ్యసనం ఆరోగ్య సమస్యగా కనిపిస్తుంది, పరిష్కారంగా వైద్యుడూ అవగాహన శిబిరమూ కనిపిస్తాయి. రెండూ అవసరమే. కాని తనగేరును నడిపే పెద్దలకు ఆ పనిలో చోటు ఏమిటన్న ప్రశ్న సంక్షేమ భాషలోకి సులభంగా రాదు. ఆచారం ‘సంస్కృతి’ శీర్షిక కిందికీ, వ్యసనం ‘ఆరోగ్యం’ శీర్షిక కిందికీ వెళ్ళిపోతాయి. మాన్ వ్యాసంలో వేర్వేరు ప్రకరణాలలో నిలిచిన రెండు చిత్రాలు శతాబ్దం దాటినా అలాగే వేర్వేరు దస్త్రాలలో ఉన్నాయి.

2008 డిసెంబర్‌లో సముద్రం ఒక ప్లాస్టిక్ డబ్బాను డుగాంగ్ క్రీక్ ఒడ్డుకు తెచ్చింది. అందులోని ద్రవాన్ని మద్యమనుకొని తాగిన ఓంగేలలో ఎనిమిది మంది మరణించారు. అప్పటికి ఆ జాతి మొత్తం సుమారు వంద మంది.