మోసినవాడి మాట

ఈ వారం ఒక ప్రదర్శనలో నాలుగు కాళ్ల రోబో సెల్యూట్ చేస్తుంటే జనం చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండింది. పనిముట్టు సత్తా చదును నేల మీద తేలదని పాత పాఠకులకు ఎన్నిసార్లు చెప్పానో! ఎస్‌ఎల్‌బీసీ సాగునీటి సొరంగాన్ని అప్పుడే మరిచిపోయామా? 2025 ఫిబ్రవరి 22న తెలంగాణలో దోమలపెంట దగ్గర కప్పు కూలి 8 మంది లోపల చిక్కుకున్నారు. మోకాళ్ల దాకా బురద, ఆగని ఊట, నుజ్జయిన బోరింగ్ మెషిన్. కేరళ నుంచి జాగిలాలొచ్చాయి. మార్చిలో హైదరాబాద్ నుంచి రోబోలు తెచ్చారు. ఒక్కరూ ప్రాణాలతో బయటికి రాలేదు.

అలాంటి చోటు కోసమే ఉద్యోగ జీవితాన్ని మలుచుకున్న సైనికాధికారి జాన్ బ్లిచ్. అమెరికా స్పెషల్ ఫోర్సెస్‌లో లెఫ్టినెంట్ కల్నల్. 1995లో ఓక్లహామా సిటీ పేలుడు 168 మందిని పొట్టన పెట్టుకున్నాక, కొలరాడోలో రోబోల శాస్త్రవేత్త రాబిన్ మర్ఫీ దగ్గర చేస్తున్న పరిశోధనను శిథిలాల్లో మనుషుల్ని వెతికే రోబోల వైపు మళ్లించారు. తర్వాత అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ డార్పాలో చిన్న రోబోల పథకం నడిపారు. సైనికుడు వీపున మోయగలగాలి, అది మెట్లెక్కాలి, విసిరినా పనిచేయాలి. ప్యాక్‌బాట్ అనే రోబో ఆ పథకం నుంచే వచ్చింది. మోసినవాడికే బరువు తెలుస్తుందన్న నా పాత వాదనకు ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

కానీ 2001 సెప్టెంబర్ 11 నా వాదనను అక్కడితో ఆగనివ్వదు. అప్పుడే రిటైరైన బ్లిచ్, మర్ఫీ బృందంతో కలిసి వరల్డ్ ట్రేడ్ సెంటర్ శిథిలాల దగ్గరికి రోబోలు చేర్చారు. అక్కడ ఎక్కువగా లోపలికి దిగినవి సైన్యం కోసం చేసినవి కావు. చెప్పుల డబ్బాలో పట్టేంత బుల్లి రోబోలు, పైపుల తనిఖీకి తయారైనవి. వెనక ఒక కేబుల్. కరెంటూ బొమ్మా దాన్లోంచే. సందులోకి దింపాలన్నా పైకి లాగాలన్నా తాడూ అదే. వైర్‌లెస్ రోబో ఒకటి సిగ్నల్ తెగి లోపలే ఉండిపోయింది.

బతికున్నవాళ్లెవరూ ఆ రోబోలకు దొరకలేదు, మృతదేహాల అవశేషాలే దొరికాయి. అయినా మనిషి దూరలేని సందుల్లోపల ఏముందో పైనున్నవాళ్లకు చూపించాయి.

వాటిని చేసినవాళ్లు యుద్ధం కోసం చేయలేదు. ఎవరో పైపుల కోసం చేసినదాన్ని శిథిలాల ముందుకు తేవడమే బ్లిచ్ చేసిన పెద్ద పని అని ఇప్పుడు నా నమ్మకం. మన విపత్తు దళాల్లోనూ బురదలో దిగిన ఒక అధికారికి ఆ అధికారం ఇవ్వాలి: ఏ దుకాణంలోదైనా సరే, తెచ్చి, ఇరుకులో తోసి చూసి, పనికిరానిది వద్దనే అధికారం. సొరంగం కూలకముందే.