కదిలే కాయను కట్టే చేయి

చెట్టు నుంచి రాలిపడ్డాక కూడా పైన్ కాయ కదలడం మానదు. గాలిలో తేమ పెరిగితే రేకులన్నీ నడిమి కాడకి హత్తుకుని కాయ ముడుచుకుంటుంది. ఆరితే మళ్ళీ విచ్చుకుంటుంది. ప్రాణం లేని కాయకి ఈ కదలిక ఎలా వచ్చిందో 1997లో కాలిన్ డాసన్, జూలియన్ విన్సెంట్, ఆన్ మరీ రోకా ‘నేచర్’ పత్రికలో వివరించారు. ఒక్కో రేకులో రెండు పొరలుంటాయి. తడి తగిలితే వెలుపలి పొర బాగా సాగుతుంది, లోపలిది అంతగా సాగదు. ఆ తేడాకే రేకు లోపలికి వంగుతుంది. ఆరినప్పుడు వెలుపలి పొర కుంచించుకుపోయి రేకుని బయటికి లాగుతుంది. పొడి రోజుల్లో విత్తనాలు గాలికి దూరంగా ఎగిరిపోవడానికి చెట్టు చేసుకున్న ఏర్పాటు ఇది. కోటి ఏళ్ళు దాటిన శిలాజ కాయలు సైతం తడిసినా ఆరినా ఇలాగే కదులుతున్నాయని 2017లో జర్మనీ పరిశోధకులు చూపించారు.

ఈ కదలికని ఎరిగి కట్టిన అలంకారం వేరు, ఎరగక అతికించింది వేరు. ఆ తేడా చూడాలంటే డిసెంబరులో బెంగళూరు ఫ్రేజర్ టౌన్, కుక్ టౌన్ వీధుల్లో నడవాలి. తలుపు తలుపుకీ ఒక రీత్ వేలాడుతుంది. తీగల చట్రం మీద పైన్ కాయలు, ఎండిన పండ్లు, ఆకులు గుండ్రంగా కూర్చిన క్రిస్మస్ అలంకారం అది. కొన్ని శివాజీనగర్ బజారులో కొన్నవి. కొన్ని ఇంట్లో కట్టుకున్నవి. అలా ఏటా తన చేత్తో కట్టుకునే ఒకావిడ రీత్‌ని దించి, బల్ల మీద బోర్లించి చూడనిచ్చారు. పనితనం వెనక వైపునే ఉంది.

అందులో ఒక్క కాయకీ జిగురు లేదు. సన్నటి బైండింగ్ వైరుని కాయ అడుగున మొదటి రెండు వరసల రేకుల మధ్యకి పోనిచ్చి, నడిమి కాడ చుట్టూ బిగించి, రెండు కొసలూ మెలిపెట్టి చట్రానికి కట్టారు. ముందు నుంచి చూస్తే తీగ జాడే తెలియదు. ఇందులో చక్కటి యుక్తి ఉంది. కదిలేవి రేకులు, కదలనిది కాడ. కట్టు కాడకి పడింది కాబట్టి రేకులు వాటి మానాన అవి తెరుచుకోవచ్చు, మూసుకోవచ్చు. పైగా ముసురు పట్టి కాయ ముడుచుకున్నప్పుడు అడుగు రేకులు తీగనే ఒత్తి పట్టుకుంటాయి. గ్లూ గన్‌తో రేకుల అంచులకి వేడి జిగురు పెట్టి అతికించిన కాయ సంగతి ఇలా కాదు. తేమ వచ్చినప్పుడల్లా రేకు లోపలికి లాగుతుంది, జిగురు బయటే ఉండిపోతుంది. నాలుగు ముసుర్లు పడేసరికి కాయ ఊడి చేతికొస్తుంది. పడమటి ఎండ కొట్టే తలుపైతే ఆ జిగురు ఇంకా ముందే మెత్తబడుతుంది.

చట్రం ద్రాక్ష తీగలది. చిక్కబళ్ళాపురం చుట్టుపక్కల తోటల్లో కత్తిరింపులప్పుడు గుట్టలుగా పడే తీగలే ఇవి. పచ్చి మీద ఉన్నప్పుడు చెప్పినట్టు వంగుతాయి, ఎండితే పుటుక్కున విరుగుతాయి. ఎండినవి దొరికితే నీళ్ళలో నానబెట్టి వంచాలి. ఒక తీగని గుండ్రంగా చుట్టి, రెండోదాన్ని దాని మీద మెలివేస్తూ పోయి, కొసల్ని సందుల్లోకి దోపేశారు. ఆరేకొద్దీ మెలికలు ఒకదాన్నొకటి బిగించుకున్నాయి.

కాయల్ని సిద్ధం చేయడమే సగం పని. పాత టూత్‌బ్రష్‌తో మట్టి, పైన్ ఆకులు దులపాలి. లోపల పురుగులు దాగి ఉంటాయి కనుక ఓవెన్‌లో వంద డిగ్రీలు దాటని వేడిలో కాసేపు ఉంచి, దగ్గరుండి చూసుకోవాలి. ఆ వేడికి కాయ పూర్తిగా విచ్చుకుంటుంది. అంటుకుని ఉన్న జిగట బంక కరిగి రేకుల మీద పలచగా పరుచుకుంటుంది. ఆ నిగారింపు ఏ వార్నిష్‌కీ రాదు. కొన్ని కాయల్ని సన్న రంపంతో అడ్డంగా కోస్తారు. మొదలు వైపు ముక్కని తిప్పి పెడితే అచ్చం జినియా పువ్వు. రంపం నడిమి కాడ దగ్గరికి వచ్చాక తొందరపడితే రేకులు రాలిపోతాయి. ఆవిడ కోసిన ముక్కల్లో రేకు ఊడినది నాకు కనబడలేదు.

పెద్ద కాయలన్నీ ఒకే వాటంగా, వలయం చుట్టూ కొద్దిగా ఒరిగి ఉన్నాయి. ప్రతి కాయ తన ముందుదాని మొదలుని కప్పుతుంది. అందువల్ల చూపు ఎక్కడా ఆగకుండా చుట్టూ తిరిగొస్తుంది. కాయలోనే అలాంటి చుట్టు ఉంది మరి. మొదలు వైపు నుంచి చూస్తే రేకులు రెండు దిక్కులా సుడి తిరుగుతాయి. లెక్కపెడితే చాలా కాయల్లో ఒక దిక్కున 8, మరో దిక్కున 13 సుడులుంటాయి. ముందరి రెండూ కలిపితే తర్వాతది వచ్చే ఈ అంకెల వరసకి ప్రపంచం గణితజ్ఞుడు ఫిబొనాచ్చి పేరు పెట్టుకుంది. ఆయన పుస్తకం వచ్చింది 1202లో. అంతకు ముందే మన ఛందశ్శాస్త్రకారులు విరహాంకుడు, హేమచంద్రుడు లఘువుల్నీ గురువుల్నీ కూర్చే విధాలు లెక్కవేస్తూ ఇదే వరస పట్టుకున్నారు. ఐదు మాత్రల్ని 8 విధాలుగా, ఆరు మాత్రల్ని 13 విధాలుగా కూర్చవచ్చు. పద్యం రాసుకునే మన భాషవాళ్ళకి పైన్ కాయ పరాయి వస్తువు కాదనిపించింది నాకు.

రంగు విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. కాయ మొత్తానికీ బంగారు స్ప్రే కొడితే రేకుల మధ్య ఉండే నీడ పోతుంది. ఆ నీడే దాని అందం. ఆవిడ కుంచెకి తెల్లరంగు అద్ది, కాగితం మీద దాదాపు పూర్తిగా తుడిచేసి, రేకుల చివరలు మాత్రం తాకీ తాకనట్టు రాశారు. లోతు అలాగే ఉంది, అంచు ఒక్కటే వెలిగింది.

ఇంతకీ బెంగళూరుకి పైన్ కాయలు ఎక్కడివి? దక్షిణాదిన పైన్ సహజంగా పెరగదు. ఊటీ, కొడైకెనాల్ కొండల మీద ఉన్నవి నాటిన తోటలు. అక్కడికి వెళ్ళొచ్చినవాళ్ళు తెచ్చినవే ఇక్కడి ఇళ్ళకి చేరతాయి. బెంగళూరులో క్రిస్మస్ చెట్టని కుండీల్లో పెంచుకునేది, లాల్‌బాగ్‌లో నిటారుగా ఎదిగి కనిపించేది అరాకేరియా. దానికీ కాయ కాస్తుంది. కానీ పండేసరికి రేకులుగా విడిపోయి రాలిపోతుంది, చేతిపనికి దొరకదు.

ఆ లోటు తీర్చేవి ఈ నగరపు వీధి చెట్లు. 1908లో లాల్‌బాగ్ బాధ్యత తీసుకున్న ఉద్యానవేత్త క్రుంబీగెల్ ఒక జాతి తర్వాత ఒకటి ఏడాది పొడవునా పూసేలా చెట్లు ఎంచాడని చెబుతారు. 1980లలో అటవీ అధికారి నేగిన్‌హాళ్ హయాంలో లక్షల మొక్కలు నాటారు. పూల కాలంలో అందరూ తలెత్తి చూస్తారు. రీత్ కట్టేవాళ్ళు ఆ తర్వాత తల దించుకుని వెతుకుతారు. జకరండా కాయ గుండ్రటి చెక్కబిళ్ళ, అంచున చీలి రెండు చిప్పలవుతుంది. లేగర్‌స్ట్రోమియా కాయ ఆరు చీలికలుగా విచ్చి, కింద నక్షత్రం లాంటి పుష్పకోశంతో మిగులుతుంది. మహాగని కాయ అడుగు నుంచి ఐదు మందపాటి పలకలుగా ఊడిపోతే, మధ్యలో ఐదు పలకల దిమ్మె ఒకటి నిలుస్తుంది. ఆవిడ రీత్‌లో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. ఆ దిమ్మెల్ని మూడు పైన్ కాయలకి ఒకటి చొప్పున నిలబెట్టారు. వలయానికి అక్కడక్కడా నిలువు వచ్చింది.

సందులు నింపినవి సరుగుడు కాయలు. కోస్తా ఆంధ్ర ఇసుక నేలల్లో పెరిగినవాళ్ళకి ఆ చిట్టి కాయలు కాలికింద గుచ్చుకున్న జ్ఞాపకం ఉంటుంది. చూపుకి బుల్లి పైన్ కాయే గానీ సరుగుడు పూచే చెట్టు, పైన్‌కి బంధువు కాదు. బొటనవేలి గోరంత కాయని నిలబెడితే చెట్టు బొమ్మ అవుతుంది. అందుకే బెంగళూరు తెలుగు ఇళ్ళలో దసరా కొలువు కింద వేసే కొండకీ, క్రిస్మస్ పశువుల పాకకీ అవే సరిపోతాయి.

మన దగ్గర ఈ విద్యకి నిజమైన తోబుట్టువు వరికంకుల కుచ్చు. కోతలప్పుడు కట్టి చూరుకి, గుమ్మానికి పిచ్చుకల కోసం వేలాడదీసేది. అక్కడ నియమం తిరగబడుతుంది. పైన్ కాయని బాగా ఎండి విచ్చుకున్నాక కట్టాలి, కంకిని కాడలో చెమ్మ ఉండగానే అల్లాలి. ఆలస్యమైతే కాడ విరుగుతుంది, గింజ రాలుతుంది. సరైన అదనులో అల్లితే ఆరుతూ ఆరుతూ జడ తనంతట తనే బిగుస్తుంది. దారం అక్కర్లేదు, సరుకే కట్టు.

ఈసారి రీత్ అడుగున రిబ్బను ముడికి బదులు ఒక కుచ్చు వేలాడదీస్తే బాగుంటుందని ఆవిడతో అన్నాను. సరేనన్నారు. కాకపోతే కాడ జానెడు పొడవుండాలట. కోత మిషన్ తొక్కిన గడ్డి పనికిరాదు, కొడవలితో కోసిన కంకులే కావాలి. గోదావరి వైపు చుట్టాలకి ఫోను చేశాను, మిషన్ చేలో దిగకముందే గట్టు పక్క నాలుగు పిడికిళ్ళు కోసి ఉంచమని.