అనువదించిన ప్రశ్నావళి రోగమును గుర్తించునా?

ఉష్ణమాపకము ఏ దేశములో తయారైనను మలక్‌పేటలోని రోగి జ్వరమును సరిగానే చూపును. దానిలోని ద్రవమునకు భాష లేదు. వైద్యులు వాడు మరియొక కొలసాధనమైన ప్రశ్నావళి సంగతి అట్లు కాదు. అది మాటలతో చేయబడినది. భాష మార్చగానే సాధనమే మారిపోవును. కనుక క్రొత్త భాషలో కూడ అది కొలవవలసినదానినే కొలుచుచున్నదని మరల నిరూపింపవలెను. దీనినే ప్రామాణ్య పరీక్ష అందురు. ఈ పరీక్ష సాధారణముగా జరుగు తీరులో కొన్ని లోపములు నాకు కనబడుచున్నవి. స్త్రీలలో మూత్రము ఆపుకొనలేకపోవు జబ్బును గుర్తించు ఒక ప్రశ్నావళిని ఉదాహరణముగా తీసికొని వానిని ఇక్కడ చర్చింపదలచితిని.

ముందుగా జబ్బును గూర్చి కొంత చెప్పవలెను. సిగ్గుచేత స్త్రీలు ఏండ్ల తరబడి దాచుకొను బాధలలో ఇది యొకటి. పెండ్లికో, ప్రయాణమునకో పోవలసిన నాడు నీళ్లు త్రాగుటయే మానుకొనువారు కలరు. దీనిలో ముఖ్యముగా రెండు రకములు. దగ్గినపుడు, తుమ్మినపుడు, బరువెత్తినపుడు కడుపులోని ఒత్తిడి హఠాత్తుగా పెరిగి మూత్రాశయమును నొక్కును. కాన్పులవలన గాని వయస్సువలన గాని కటి అడుగుభాగపు కండరములు సడలియున్నచో మూత్రమార్గము ఆ ఒత్తిడికి తాళలేదు. కొన్ని చుక్కలు జారును. ఇది ఒత్తిడి రకము. రెండవ రకములో లోపము ద్వారమున కాదు, సంచియందున్నది. మూత్రాశయపు గోడలోని కండరము వేళ గాని వేళ తనంత తాను ముడుచుకొని, ఆపరాని తొందరను కలిగించును. ఇది తొందర రకము. రెండును ఒకే స్త్రీలో ఉండుట అరుదు కాదు.

ఈ విభజన కేవలము పుస్తకములోనిది కాదు. ఒత్తిడి రకమునకు 1948లో అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ ప్రచారమునకు తెచ్చిన కటి కండరముల వ్యాయామము మొదటి చికిత్స. అది చాలనపుడు శస్త్రచికిత్స. తొందర రకమునకు మూత్రాశయమును కొంచెము కొంచెముగా ఓర్పునకు అలవాటు చేయుటయు, మందులును వాడుదురు. రకము తప్పుగా నిర్ణయించినచో ఒకామె అక్కరలేని కత్తికోతకు లోనగును. మరియొకామె పనిచేయని మందును నెలల తరబడి మ్రింగుచుండును.

ఈ రెండు రకములను వేరుచేయుటకు కేథరీన్ బ్రాడ్లీ, ఆమె సహచరులు ఆరు ప్రశ్నల పట్టికను తయారుచేసి 2005లో ప్రకటించిరి. దానిని క్విడ్ అను పొట్టిపేరుతో పిలుతురు. మొదటి మూడు ప్రశ్నలు ఒత్తిడి రకమునకు: దగ్గినపుడు, తుమ్మినపుడు మూత్రము జారునా? వంగినపుడు, ఏదైన ఎత్తినపుడు జారునా? వడిగా నడచినపుడు, పరుగెత్తినపుడు, వ్యాయామము చేసినపుడు జారునా? తరువాతి మూడు తొందర రకమునకు: మరుగుదొడ్డికి పోవుటకై బట్టలు విప్పుచుండగా జారునా? చేరులోపుననే తడిసిపోవునా? హఠాత్తుగా వచ్చిన తొందరతో పరుగెత్తవలసివచ్చునా? ప్రతి ప్రశ్నకు ‘ఎన్నడును లేదు’ మొదలు ‘ఎల్లప్పుడు’ వరకు ఆరు జవాబులు. వానికి 0 నుండి 5 వరకు మార్కులు. ఒక్కొక్క రకమునకు గరిష్ఠము 15. ఒత్తిడి ప్రశ్నలలో 4, తొందర ప్రశ్నలలో 6 వచ్చినచో ఆ రకము ఉన్నదని నిర్ణయము.

117 మంది రోగుల విషయములో నిపుణుల నిర్ణయముతో ఈ పట్టికను పోల్చి చూచిరి. ఒత్తిడి రకము ఉన్నవారిలో 85 శాతమును అది పట్టుకొన్నది. లేనివారిలో 71 శాతమును లేదని చెప్పగలిగినది. తొందర రకమునకు రెండు అంకెలును 79. గొట్టములు దూర్చి మూత్రాశయపు ఒత్తిడిని కొలుచు యంత్రములు పెద్ద ఆసుపత్రులలో గాని ఉండవు. కాగితము, పెన్సిలు మాత్రమే కోరు ఆరు ప్రశ్నలకు ఇది మెచ్చదగిన ఫలితము. మన భాషలోనికి ఇట్టి సాధనము రావలెనని కోరుటలో తప్పు లేదు. ఎట్లు రావలెనన్నదే ప్రశ్న.

వాడుకలోనున్న పద్ధతి ఇది. ఇంగ్లీషు నుండి ఇద్దరు అనువదింతురు. మూలము చూడని మరియొకరు దానిని తిరిగి ఇంగ్లీషులోనికి మార్తురు. 1970లో రిచర్డ్ బ్రిస్లిన్ వ్రాసిన వ్యాసము తరువాత ఈ తిరుగు అనువాదము బాగుగా వ్యాపించినది. రెండు ఇంగ్లీషు ప్రతులును సరిపోలినచో అనువాదము సరియైనదని తలంతురు. పిమ్మట ఆసుపత్రికి వచ్చిన కొందరు స్త్రీలచేత రెండు వారముల ఎడముతో రెండుసార్లు పూర్తిచేయించి, లెక్కలు కట్టి, ప్రామాణ్యము సిద్ధించినదని ప్రకటింతురు.

నాలుగవ ప్రశ్ననే చూడుడు. ‘బట్టలు విప్పుచుండగా’ అని తెలుగులో వ్రాసితిమి. తిరుగు అనువాదకుడు దానిని ఇంగ్లీషులోని మాటగానే అక్షరాల మార్చును. నూటికి నూరు మార్కులు! కాని చీర కట్టుకొన్న స్త్రీ మూత్రమునకు కూర్చుండుటకు బట్టలు విప్పదు. కుచ్చిళ్లు పైకి తీసికొనును. ఆమె ‘ఎన్నడును లేదు’ అని నిజమే చెప్పును. ఆమెకు తొందర ప్రశ్నలలో రాదగిన గరిష్ఠము 15 నుండి 10కి దిగిపోయినది. హద్దు మాత్రము 6 గానే నిలిచియున్నది. సల్వారు తొడిగిన ఆమె కూతురు నాడా ముడి విప్పుటలో ఆలస్యమగుటచేత అదే ప్రశ్నకు 4 మార్కులు తెచ్చుకొనవచ్చును. ఒకే ఇంటిలో, ఒకే జబ్బు, రెండు నిర్ణయములు. అనువాదములో తప్పు ఒక్కటియు లేదు. తిరుగు అనువాదము మాటలు క్షేమముగా తిరిగివచ్చినవని మాత్రమే చెప్పును. అవి వినువారి చెవికి చేరినవో లేదో చెప్పలేదు.

‘చేరులోపున’ అను ప్రశ్న మరియొక చిక్కు. పడకగదికి ఆనుకొని మరుగుదొడ్డి ఉన్న ఇంటిలో ఆ దూరము నాలుగు అడుగులు. నాలుగు కుటుంబములు వాకిటి చివరనున్న ఒక్క దొడ్డిని పంచుకొను ఇంటిలో, లోపల ఎవరో ఉండగా బయట నిలువవలసిన ఆమెకు ఆ ప్రశ్న మూత్రాశయమును ఎంత కొలుచునో వాకిటిని అంత కొలుచును. గంజిలో దినమంతయు పనిచేయు కూలిస్త్రీకి దొడ్డియే అందుబాటులో లేకపోవచ్చును.

ఇక ఏ తెలుగు? మలక్‌పేట నల్లగొండ చౌరస్తాలో నిలిచి వినినచో నల్లగొండ, మహబూబ్‌నగరు మాటలు వినబడును. దిల్‌సుఖ్‌నగరు వైపు పోయినచో కోస్తా జిల్లాల యాస కలియును. ఇరుగుపొరుగున దక్కనీ ఉర్దూ ఉన్నది. ఒకామె ‘ఒంటికి వస్తే ఆగుతలేదు’ అనును. మరియొకామె ‘బాత్‌రూముకి వెళ్లేలోపే అయిపోతోందండీ’ అనును. ఇంకొకామె ‘పేషాబ్’ అను మాటతోనే సరిపుచ్చును. ‘మూత్రవిసర్జన చేయవలెనను తీవ్రమైన ఆకస్మిక వాంఛ’ అని ముద్రించిన కాగితము వీరిలో ఎవరి మాటయు కాదు. పైగా ‘తొందర’ అను మాటను మనము పనిలోని త్వరకు కూడ వాడుదుము. ‘తొందరగా దొడ్డికి పోవుదురా?’ అని అడిగినచో, ఇంటి పనులు కాచుకొనియున్న ఏ గృహిణి అయినను అవునని తలయూపును.

జవాబుల నిచ్చెన సంగతి ఉపాధ్యాయులు తమ తరగతిలోనే పరీక్షింపవచ్చును. ‘అరుదుగా’, ‘ఒక్కొక్కప్పుడు’, ‘తరచుగా’, ‘చాలసార్లు’ అను నాలుగు మాటలను చీటీలపై వ్రాసి, తక్కువ నుండి ఎక్కువకు వరుసగా పేర్చుమని పిల్లలను అడుగుడు. చివరి రెంటిలో ఏది పెద్దదో అందరును ఒకే మాట చెప్పుదురని నేననుకొనను. ఇది చిన్న విషయము కాదు. రెండు ఒత్తిడి ప్రశ్నలకు ‘ఒక్కొక్కప్పుడు’ అన్న స్త్రీకి రెండేసి చొప్పున 4 మార్కులు వచ్చి జబ్బు ఉన్నదని తేలును. అదే అనుభవమును ‘అరుదుగా’ అని చెప్పిన ఆమెకు 2 మార్కులే వచ్చి, ఏమియు లేదని ఇంటికి పంపబడును.

లెక్కల విషయము క్లుప్తముగా చెప్పెదను. 1951లో లీ క్రోన్‌బాక్ ప్రతిపాదించిన ఆల్ఫా అను అంకె, ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొసగియున్నవో చూపును. అది 0.8 దాటినచో పత్రరచయితలు సంతోషింతురు. కాని ఒకే ప్రశ్నను మూడు విధములుగా అడిగినను ఆల్ఫా పెరుగును. రెండు వారముల తరువాత జవాబులు మారకపోవుటయు అంతియే; ఎప్పుడును పావు సేరు తక్కువ చూపు త్రాసు కూడ రెండుసార్లు ఒకే అంకె చూపును.

అన్నిటికంటె పెద్ద లోపము వేరు. ఆసుపత్రికి వచ్చిన స్త్రీలలో ఈ జబ్బు ఉన్నవారే ఎక్కువ. అట్టి 1,000 మందిలో 700 మందికి ఒత్తిడి రకము ఉన్నదనుకొందము. పైన చెప్పిన 85, 71 శాతముల చొప్పున 595 మందిని సరిగా పట్టుకొనును. లేని 300 మందిలో 87 మందిని తప్పుగా ఉన్నదనును. ఉన్నదని తేలిన వారిలో నూటికి 87 మందికి నిజముగానే ఉన్నది. అదే కాగితమును తీసికొని ఒక ఆరోగ్య కార్యకర్త బస్తీలో ఇంటింటికి పోయినదనుకొందము. అక్కడ 1,000 మందిలో 100 మందికే ఆ రకము ఉన్నచో, సరిగా పట్టుకొన్నవారు 85 మంది. తప్పుగా ముద్ర పడినవారు 261 మంది. ఉన్నదని తేలిన 346 మందిలో నాలుగవ వంతు మాత్రమే నిజమైన రోగులు. సాధనము అదే, శాతములు అవే. నిలబెట్టిన చోటు మారినది. ప్రామాణ్యము కాగితమునకు అంటుకొనియుండు గుణము కాదు.

క్విడ్ రోగి తానే చదివి నింపవలసిన పట్టిక. చదువురాని స్త్రీకి మరియొకరు చదివి వినిపించినపుడు అది సంభాషణ అగును. అడుగువారు పురుషుడా, స్త్రీయా, ప్రక్కన అత్తగారు కూర్చుండిరా అన్నదానిని బట్టి జవాబు మారును. కనుక చదువుకొని నింపినవారిపై చేసిన పరీక్ష, విని చెప్పినవారికి చెల్లదు. ఆ పరీక్ష వేరుగా జరుగవలెను.

తెలుగులో ఈ పని చేయబూనువారు అనువాదమునకు ముందే కొందరు స్త్రీలను ఒంటరిగా కూర్చుండబెట్టి, వారి బాధను వారి మాటలలోనే చెప్పించుకొని వ్రాసికొనవలెను. ప్రశ్న సిద్ధమైన తరువాత ‘ఇది విని మీకేమి అర్థమైనది?’ అని మరల అడుగవలెను. మూత్రాశయము నిండియుండగా దగ్గించి చూచుట వంటి ప్రత్యక్ష పరీక్షతో, ప్రశ్నావళి ఫలితము తెలియని వైద్యుడు నిర్ణయము చేయవలెను. హద్దులు 4, 6 అనునవి ఇక్కడి స్త్రీలకు సరిపోవునో లేదో మరల లెక్కింపవలెను. ముఖ్యముగా, ఇంగ్లీషు పత్రికలో అచ్చగు పత్రమైనను, అడిగిన తెలుగు ప్రశ్నలను ఉన్నవి ఉన్నట్లు తెలుగు లిపిలో దానితోపాటు ముద్రింపవలెను. ఆల్ఫా ఎంతయో తెలిసి, ఆమెను ఏమని అడిగిరో తెలియని పత్రమును ఏ తెలుగు వైద్యుడు ఎట్లు పరిశీలింపగలడు?