నవ్వులో మా వాటా

బూతు హాస్యాన్ని మెచ్చుకునే వాళ్ల చేతిలో ఎప్పుడూ ఒక తురుపు ముక్క ఉంటుంది. 'తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క ఏం మాట్లాడుకున్నారు? పగటివేషగాళ్లు ఎవర్ని వదిలిపెట్టారు? మన జానపదంలో లేని బూతు టీవీలో కొత్తగా ఏముంది?' అంటారు. అనేవాళ్లలో తెల్లవార్లూ కూచుని బొమ్మలాట చూసినవాళ్లు ఎందరో మాకు అనుమానమే. అయినా ఆ మాటలో నిజం ఉంది. ఎవర్నీ నొప్పించని హాస్యాన్ని మేమూ కోరడం లేదు. చప్పిడి కూడు మాకూ సయించదు.

మాది ఆలూరు వైపు. ఆలూరు, ఆదోని తాలూకాలు 1953 దాకా బళ్లారి జిల్లావి. ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు, సంతలో కన్నడం. మూడు భాషల్లో తిట్టుకోవడం వచ్చిన జనానికి నవ్వడం ఇంకొకరు నేర్పాలా? మా దూదేకుల ఇళ్లల్లో హుస్సేనప్పలు, మస్తానమ్మలు, కుళ్లాయప్పలు ఉంటారు. ఆ పేర్లు విని అటు తురకలూ నవ్వారు, ఇటు హిందువులూ నవ్వారు. దూదేకులవాళ్లు ఆ ఇద్దర్నీ చూసి నవ్వుకున్నారు.

మొహర్రం శోకదినాలు. కర్బలాలో ఇమాం హుస్సేన్ షహీదైన దినాలు. ఆ దినాల్లోనే పీర్ల సావిడి ముందు, గుండం చుట్టూ, మొక్కుకున్నవాడు పులివేషం కట్టి ఎగురుతాడు. ఇంకొకడు మొహానికి మసి పూసుకుని జనాన్ని ఆటపట్టిస్తాడు. ఏడుపు పక్కనే ఎకసెక్కెం. ముక్కున వేలేసుకునే వాళ్లకు ఒక పుస్తకం పేరు చెప్తాం. ఏలూరు ప్రాంతం వాడైన జాఫర్ షరీఫ్ రాయగా, మద్రాసు సర్కారు కొలువులో ఉన్న డాక్టర్ హెర్‌క్లాట్స్ ఇంగ్లీషులోకి మార్చి 1832లో లండన్‌లో అచ్చేయించిన 'ఖానూనె ఇస్లాం'. దక్కన్ ముస్లిముల ఆచారాలు పుట్టుక నుంచి చావు దాకా అందులో ఉన్నాయి. మొహర్రం వేషాల జాబితాలో పులి ఉంది. ముసలాడూ ముసలిదీ ఉన్నారు. హాజీ అహ్మక్, హాజీ బేవకూఫ్ అనే జంట కూడా ఉంది. మక్కా పోయొచ్చిన పెద్దమనిషిని, ఊరంతా సలాం చేసే హాజీని, నడిబజారులో బేవకూఫ్‌ను చేసి నవ్వారు మా పెద్దలు. మాకు హాస్యం తెలియదనీ, ఏమన్నా అంటే కత్తి దూస్తామనీ చెప్పేవాళ్లు ఈ జంట పేరు ఒకసారి నోరారా పలికి చూడాలి.

మా మౌల్వీ సాబులకూ ఆ జంట రుచించదు. పీర్లు షిర్క్, వేషం హరాం అని చెప్పీ చెప్పీ, చదువుకున్న పిల్లల్ని గుండం దగ్గరికి పోకుండా చేస్తున్నారు. మా బజారు నవ్వును లోపలివాళ్లు ఆపుతుంటే, బయటివాళ్లు మా వేషం కట్టి నవ్విస్తున్నారు. మా గొడవంతా ఇక్కడే ఉంది.

పగటివేషాల్లో ఫకీరు వేషం ఉంది. ఫకీర్లు దానికి గొడవ చేయలేదెందుకు? వేషగాడు పట్టపగలు, ఆ ఫకీరు చూస్తుండగానే ఆడాలి. అన్ని వేషాలూ అయ్యాక ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి సంభావన అడగాలి. నిన్న ఎవర్ని వెక్కిరించాడో వాళ్ల గడప దగ్గరే చేట పట్టాలి. అందుకని నకలు గట్టిగా కుదరాలి, చెవి చురుగ్గా ఉండాలి. తప్పుడు యాసతో ఫకీరును దించితే ముందు నవ్వేది ఫకీరే, వేషగాణ్ణి చూసి.

టీవీ వాడికి ఏ గడపా లేదు. 2013 ఫిబ్రవరిలో ఈటీవీలో 'జబర్దస్త్' మొదలయినప్పుడు చాలామంది దాన్ని తెగువ అన్నారు. మగవాళ్లు చీరలు కట్టి పెళ్లాల మీద, లావు మీద, నలుపు మీద వేసిన జోకుల్లో తెగువేమిటో మాకు ఈనాటికీ అర్థం కాలేదు. ఎదురుదెబ్బ తగలని చోట వెక్కిరించడానికి తెగువ అక్కర్లేదు. 2014లో కల్లుగీత కులం ఆడవాళ్లను కించపరిచారని అందులో ఒక నటుణ్ణి కొట్టారు. ఆ కొట్టడాన్ని మేం సమర్థించం. సంఘమూ, సంఖ్యా ఉన్న కులం కాబట్టి దాని కోపం అందరికీ వినిపించింది. ఊరూరా నాలుగిళ్లుండే దూదేకులవాళ్ల కోపం ఎవరికి వినపడాలి?

మా సంగతి సినిమాలోనే తేలిపోయింది. గడ్డం, గళ్ల లుంగీ, 'నిమ్మళ్‌కీ, నమ్మళ్‌కీ' అనే తెలుగు. ఈ తెలుగు ఆలూరులో లేదు, ఆదోనిలో లేదు, ఎమ్మిగనూరు మగ్గాల దగ్గరా లేదు. ఎవరూ మాట్లాడని భాషకు మమ్మల్ని వారసుల్ని చేశారు. నొప్పి కంటే ముందు మాకు విసుగొస్తుంది. వినకుండా రాసిన రాత అది.

విని రాస్తే ఏమవుతుందో 2006లో వచ్చిన 'ది అంగ్రేజ్' చూపించింది. తీసినవాడు కుంట నిఖిల్. ఇస్మాయిల్ భాయ్‌గా వేసినవాడు ధీర్ చరణ్ శ్రీవాస్తవ్. ఇద్దరూ మావాళ్లు కాదు. చార్మినార్ దగ్గర చాయ్ తాగుతూ కోతలు కోసే పనిలేని వాళ్ల కథ అది. అవమానమంటే అంతకన్నా అవమానం ఏముంది? కానీ పాతబస్తీ ఆ డైలాగుల్ని కంఠతా పట్టింది. ఆ 'నక్కో', ఆ 'కైకు', ఏ రోజునైనా 'పరసోం' అనే ఆ లెక్క, అన్నీ చెవిపెట్టి విన్నవే. 1965లో బబ్బన్ ఖాన్ 'అద్రక్ కే పంజే' మొదలుపెట్టి, పిల్లల గంపతో గుమాస్తా పేదరికాన్ని ఎగతాళి చేసినప్పుడూ జనం అలాగే నవ్వారు. మా మజాహియా ముషాయిరాల్లో బేగం మీద అరిగిపోయిన జోకులను మాత్రం ఈ వరసలో కలపలేం. అక్కడ వేదిక మీద బేగం ఎప్పుడూ ఉండదు. గడప లేని హాస్యం మాలోనూ ఉంది.

ఇక మనసు నొప్పించడం హక్కు అనేవాళ్లకు ఒక లెక్క. మునవ్వర్ ఫారూఖీ అనే కుర్రాణ్ణి 2021 జనవరి 1న ఇండోర్‌లో ప్రదర్శన మొదట్లోనే పట్టుకుపోయారు. చెప్పని జోకులకు నెలకు పైగా జైలు. సుప్రీంకోర్టు బెయిలిస్తేగాని బయటికి రాలేదు. 2022 ఆగస్టు 20న హైదరాబాదు శిల్పకళావేదికలో పోలీసుల మధ్య నవ్వించి పోయాడు. రెండు రోజులకు గోషామహల్ ఎమ్మెల్యే రాజాసింగ్ ప్రవక్త మీద వ్యాఖ్యలతో వీడియో పెట్టి, దాన్ని కామెడీ అన్నాడు. అతనూ అరెస్టయ్యాడు. కానీ కామెడీ అనే మాట ఒకడికి నేరమై, ఇంకొకడికి డాలు అయింది. తెగువను మెచ్చే మిత్రులు ఆ వారంలో ఎవరి తెగువను మెచ్చారో మాకు చెప్పలేదు.

మొహర్రం మళ్లీ వస్తుంది. పులి ఎగురుతుంది. హాజీ బేవకూఫ్‌ను మర్చిపోవద్దని మా పిల్లలకు చెబుతున్నాం. పక్కన ఇంకో వేషం కూడా కట్టమంటున్నాం. గళ్ల లుంగీ కట్టుకుని, 'నిమ్మళ్‌కీ, నమ్మళ్‌కీ' అంటూ, ఆలూరులో దారి తప్పి తిరిగే టీవీ రచయిత వేషం.